నాయుడుపేటలో లక్ష రూపాయలు

నాయుడుపేటలో దిగేవారికంటె నాయుడుపేట మీదుగా పోయేవారే ఎక్కువ. చెన్నైనుంచి నెల్లూరు వైపు సాగే పెద్ద రోడ్డు ఈ ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. శ్రీకాళహస్తికీ, తిరుపతికీ పోదలచినవారు ఇక్కడే ఆ రోడ్డు విడిచి పడమటికి తిరుగుతారు. అందుచేత చాలామందికి నాయుడుపేట అంటే బస్సు పది నిమిషాలు ఆగే చోటు. ఒక కాఫీ, రెండు ఇడ్లీలు. నాకూ మొన్నటిదాకా అంతే.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున చెన్నైలో గూడూరు వైపు పోయే బండి ఎక్కాను. నూటపది కిలోమీటర్ల ప్రయాణం. ఆరంబాకం దాటి తడ రాగానే స్టేషను బోర్డు మీద తెలుగు మొదటి వరుసకు వస్తుంది. సూళ్ళూరుపేటలో పెట్టె సగం ఖాళీ అయింది. ఆ తరువాత దొరవారిసత్రం. ఈ పేరు ఎన్నిసార్లు చదివినా నాకు ఒకటే ఆలోచన. ఎవరో దొర, బాటసారులకోసం ఏదో సత్రం. ఆ దొర పేరు ఊరికి మిగలలేదు, సత్రం మాత్రం మిగిలింది. దానికి దగ్గరలోనే నేలపట్టు చెరువు. నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టి పిల్లలను లేపుతాయి. 1976లో ప్రభుత్వం దానిని పక్షుల రక్షణకేంద్రం చేసిందిగాని, అంతకు ముందునుంచే ఆ ఊరివారు వాటి జోలికి పోనిచ్చేవారు కారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు మంచి ఎరువు. పక్షికి చోటు, రైతుకు ఎరువు. ఎవరు ఎవరికి దానం చేస్తున్నారో తేల్చడం కష్టం.

దానం సంగతి నేను ఊరకే ఎత్తలేదు. నా చేతిసంచిలో ఒక ఉత్తరం ఉన్నది. ఉత్తరమంటే ఉత్తరం కాదు, డల్లాసులో ఉన్న మా మేనల్లుడు ఫోనులో పంపిన నాలుగు వాక్యాలను నేను కాగితం మీద రాసుకున్నాను. మా నాన్నగారికి ఒకప్పుడు నాయుడుపేటలో ఉద్యోగం. అక్కయ్య అక్కడ పుట్టింది. నేను పుట్టేసరికి ఆయనకు బదిలీ అయింది. నిరుడు అక్కయ్య పోయింది. వాడు రాశాడు: “మామయ్యా, అమ్మ పుట్టిన ఊళ్ళో అమ్మ పేరు మీద ఏదైనా పనికివచ్చే పని చేయి. లక్ష రూపాయలు పంపుతున్నాను. చలవరాళ్ళూ, గంటలూ వద్దు. ఇచ్చినది నిజంగా లేనివాళ్ళకు చేరాలి.”

వినడానికి సులువుగా ఉన్నది కదా! లక్ష రూపాయలు ఖర్చుపెట్టడానికి ఇంకొకరి సలహా దేనికి అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి, 2015కు ముందు.

ఆ సంవత్సరం నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో వానలు ఆగకుండా కురిశాయి. వాగులూ, ఏళ్ళూ పొంగాయి. చెన్నైలో మా పేటలోని ఒక సంఘంవాళ్ళం మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగి ఒక లారీ నిండా బట్టలు పోగుచేశాము. నేనూ లారీ వెంట వచ్చాను. ఒక ఊరి మొగలో లారీ ఆపి మూటలు విప్పితే ఏమున్నాయి? పెళ్ళికోట్లు. జరీ పోయిన పట్టుచీరలు. ఒంటి మేజోళ్ళు. వానలో తడిసి, నడుములోతు బురద ఎత్తిపోస్తున్న ఆడవాళ్ళకు మేము పట్టుచీరలు అందిస్తున్నాము! అదే మధ్యాహ్నం అదే ఊరికి నాలుగు వేర్వేరు జట్లు పులిహోర పొట్లాలు తెచ్చాయి. సాయంకాలానికి పులిహోర కాలవలో తేలింది. అరమైలు అవతల చెరువుకట్ట మీద నిలబడిపోయిన ముప్పై కుటుంబాల సంగతి మేము తిరుగు ప్రయాణంలో విన్నాము. అప్పటికి లారీ ఖాళీ. మేము ఫోటోలు మాత్రం తీసుకున్నాము.

పది రోజులైనా కాకముందే, డిసెంబరు 1, 2 తేదీలలో, చెన్నైలో మా వీధికే నీళ్ళు వచ్చాయి. రెండు రోజులు మిద్దెమీద ఉన్నాము. మూడవనాడు మాకూ ఒక లారీ వచ్చింది. దయగల తల్లి ఎవరో పంపిన మూటలో నా వంతుకు ఒక చిన్నపిల్ల గౌను దక్కింది.

ఆ గౌను ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. 2004 సునామీ తరువాత నాగపట్నం తీరాన పాతబట్టలు గుట్టలుగా పడి ఉండగా పత్రికలలో చూసి, ‘తీసుకోవడం తెలియని జనం’ అని విసుక్కున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. గౌను చేతికి వచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు.

స్టేషనులో నన్ను కలుసుకున్నది ఒక రిటైరైన బడిపంతులుగారు. నాన్నగారి స్నేహితుని కొడుకు, డెబ్బై దాటినవాడు, చెప్పులు అరిగేలా నడుస్తాడు. పేరు వేయవద్దన్నారు కాబట్టి మాస్టారు అనే అంటాను. నా సంచిలోని లక్ష సంగతి ఆయనకు ముందే తెలుసు.

“ఎంతకాలం ఉంటారు?” అన్నారు.

“సాయంకాలం బండికి పోదామని.”

ఆయన నవ్వి, “అయితే కాఫీ తాగి పోదాం. సాయంకాలంలోగా అయ్యే పనులు కాఫీలే” అన్నారు.

కాఫీ తాగి స్వర్ణముఖి ఒడ్డుకు వెళ్ళాము. చంద్రగిరి వైపు కొండలలో పుట్టి, తిరుచానూరు పక్కగా, కాళహస్తీశ్వరుని పాదాలు తాకి, ఇక్కడికి వచ్చి, వాకాడు మీదుగా సముద్రంలో కలిసే ఏరు ఇది. ఏడాదిలో ఎక్కువకాలం ఇసుకే. ఈశాన్య ఋతుపవనం తగిలితే మాత్రం రాత్రికి రాత్రి మనిషి మారిపోయినట్టు మారుతుంది. మేము వెళ్ళిననాడు ఒక పాయ పారుతున్నది. గట్టు మీద కూర్చుని మాస్టారు ఊరి సంగతులు చెప్పారు. మేనకూరు దగ్గర ఫ్యాక్టరీలు వచ్చాయి. దూరదేశాలనుంచి పనివాళ్ళు వచ్చి అద్దెగదులలో ఉంటున్నారు. ఇళ్ళస్థలాల ధరలు పెరిగాయి. “అయినా మీ అక్కగారు పుట్టిన రోజుల్లో అందరికంటె వెనక ఉన్నవాళ్ళెవరో ఇప్పటికీ వాళ్ళే వెనక ఉన్నారు” అన్నారు.

ఎవరని అడగనక్కరలేదు. నెల్లూరు సీమలో పుట్టినవారికి యానాదులు తెలియకుండా ఉండరు. చెరువులో చేప, పొలంలో ఎలుక, అడవిలో మూలిక, పుట్టలో పాము, వీటి జాడ వాళ్ళకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఎలుకల కన్నంలో పొగ పెట్టి పట్టుకుంటారు, అది దాచుకున్న వడ్లు తవ్వి తీస్తారు. రైతుకు ఎంత మేలో లెక్క కట్టినవారు లేరు. 2001 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారు నాలుగు లక్షల అరవై వేలకు పైగా ఉన్నారు. లంబాడీలు, కోయల తరువాత మన గిరిజనులలో పెద్ద తెగ వారిదే. కాని ఒక ఊళ్ళో వెయ్యిమంది ఉండరు. చెరువుకట్ట మీద ఇరవై ఇళ్ళు, కాలవగట్టున పది ఇళ్ళు. ఓట్లు లెక్కపెట్టుకునేవారికి అది లెక్కలోకి రాదు.

మాస్టారు వెన్నెలకంటి రాఘవయ్యగారి పేరు ఎత్తారు. నెల్లూరు న్యాయవాది. స్వాతంత్ర్యోద్యమంలో ఉన్నవారు. యానాదులకోసం, సంచార జాతులకోసం ఆయన తన ఆయుష్షంతా ఖర్చుపెట్టారు. 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పెద్ద గ్రంథమే రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. మన పిల్లలకు ఆ పేరు తెలియదు. ఆయన కాలంలో నేరస్థ జాతుల చట్టమని ఒకటి ఉండేది. 1871లో తెల్లదొరలు చేసినది; తరువాత మన రాజధానికీ వర్తింపజేశారు. ఫలానా కులంలో పుట్టాడు కాబట్టి దొంగ అని ఆ చట్టం అర్థం. నెల్లూరు జిల్లాలో కొందరు యానాదులను కూడా ఆ పట్టీలో చేర్చారు. పట్టీలో పేరున్నవాడు పోలీసు స్టేషనులో వేలిముద్రలు వేయాలి, పిలిచినప్పుడల్లా హాజరు చెప్పుకోవాలి. దేశం మొత్తానికి ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని రద్దుకు పట్టుబట్టిన వారిలో రాఘవయ్యగారు ఒకరు.

“ఆయన కంబళ్ళు పంచలేదా?” అన్నాను.

“పంచే ఉంటారు. అయితే ఆయన చేసిన పెద్ద దానం కాగితం మీద ఉన్నది. ఒక కాగితం చింపించడం.”

ఈ మాట అర్థం కావడానికి నాకు ఆ మధ్యాహ్నం దాకా పట్టింది.

ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఒక గిరిజన కాలనీకి ఆటోలో వెళ్ళాము. ఏ ఊరి కాలనీయో రాయను. ముప్పై ఇళ్ళుంటాయి. ప్రభుత్వం కట్టించిన గోడలు, వాటికి ఆనించుకుని వాళ్ళు వేసుకున్న పాకలు. పిల్లలు ముందు వచ్చారు. వాళ్ళ వెనక ఒక ముసలమ్మ వచ్చి నా సంచి వైపు చూసింది.

“దుప్పట్లు తెచ్చినారా సామీ?”

లేదన్నాను, కాస్త సిగ్గుగా.

“మంచిపని చేసినావు. మూడుండాయి. ఒకటి మేకకి కప్పినా.”

మాస్టారు నా వైపు చూడకుండా మర్యాదగా చెరువు వైపు చూశారు.

ఆవిడ మమ్మల్ని పాకలోకి రమ్మని చాప వేసింది. రెండేళ్ళ ఆడపిల్ల ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నది. మనుమరాలు. తల్లీ తండ్రీ ఎక్కడో చేపల గుంటల దగ్గర కాపలా పనిలో ఉన్నారు. యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. అది తీరేదాకా అక్కడే. ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో ఆవిడకు తెలియదు. మాస్టారు ముఖం గంటు పెట్టుకున్నారు. అప్పు చూపించి మనిషిని కట్టివేయడం నేరమని 1976నుంచీ చట్టం ఉన్నది; ఆ చట్టం ప్రకారం అటువంటి అప్పే చెల్లదు. ఆ సంగతి గుంటకు చెప్పేవాళ్ళు లేరు.

“దీనికి కాయితం లేదు సామీ” అన్నది ముసలమ్మ, పిల్ల తల నిమురుతూ.

పిల్ల 2023 డిసెంబరులో పుట్టింది. మిచౌంగ్ తుఫాను రోజులవి. 5వ తేదీన బాపట్ల దగ్గర తుఫాను తీరం దాటింది గాని, దానికి ముందు ఈ ప్రాంతాన్ని ముంచిపోయింది. దారులు లేవు. గుంట గట్టు మీద పాకలో ఈ ముసలమ్మే మంత్రసానితనం చేసింది. పుట్టిన సంగతి ఎవరూ ఎక్కడా రాయించలేదు. 21 రోజులలోగా చెబితే ఊరికే రాస్తారు. నెల దాటితే ఒక అనుమతి, రుసుము. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తరువు కావాలి. ఇప్పుడు రెండేళ్ళు.

అందులో పెద్ద ఘోరమేమున్నది, మన తాతలకు ఏ కాగితాలున్నాయి అని అడగవచ్చు. నేనూ అడిగాను. మాస్టారు బడిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే రుజువు. బడికైనా, ఓటరు పట్టీకైనా, ఆధారుకైనా అదే. ఈ పిల్ల మూడు నెలల ముందు పుట్టి ఉంటే మరేదో కాగితం చూపి నెట్టుకు రావచ్చు. “వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకుండా ఉండరాదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. నేను బడిలో ఉన్నంతకాలం చేర్చుకున్నాను. కాని బడితో కథ అయిపోదు గదా. కులం సర్టిఫికెట్టు లేదు, హాస్టలు లేదు, స్కాలర్‌షిప్పు లేదు. గిరిజనులకోసం ప్రభుత్వం పెట్టిన ప్రతి తలుపుకూ ఒక తాళం. ఆ తాళానికి ఈ కాగితం.”

ముసలమ్మ తన కాగితాలు కూడా చూపింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి చూరులో దోపింది. ఆధారులో ఆవిడ పేరు ఒక రకం, రేషను కార్డులో ఒక రకం, బ్యాంకు పుస్తకంలో మూడో రకం. ఆధారు ప్రకారం ఆవిడ వయసు నలభై ఆరు. మనిషిని చూస్తే అరవై ఐదుకు తక్కువ లేదు. వయసు అక్కడ తప్పుగా పడినందువల్ల 2024 జులైలో 4,000 రూపాయలు చేసిన ముసలివాళ్ళ పింఛను ఆవిడకు రాదు. పైగా వేలిముద్ర మిషను ఆవిడ వేళ్ళను గుర్తుపట్టదు. యాభై ఏళ్ళు నీళ్ళలో, బురదలో, వలతాళ్ళలో అరిగిన వేళ్ళు. వాళ్ళ తాతల వేళ్ళను దొంగలకిందకట్టి స్టేషనులో రాసుకున్నారు. ఇప్పుడు మనుమరాలి వేలు చూసి నువ్వు ఎవరో తెలియదంటున్నది మిషను. నేను ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను.

“మరి ఆఫీసుకు వెళ్ళలేదా?” అన్నాను.

“పొయినాం సామీ. నాలుగు తూర్లు. ఒకతూరి కరెంటు లేదు. ఒకతూరి సారు లేడు. ఒకతూరి జిరాక్సు తెమ్మన్నారు. జిరాక్సు తీసుకపోతే మంగళవారం రమ్మన్నారు. మంగళవారం కూలికి పొయినాం.”

ఆవిడ గొంతులో కోపం లేదు. వాన పడలేదు అన్నట్టు చెప్పింది. కూలి రోజు పోతే మూడు వందలు పోతుంది. ఆటోకు పోనూ రానూ ఇంకో వంద. నాలుగుసార్లకు పదహారు వందలు. రుసుము మాట ఇంకా రాలేదు.

అప్పుడు తెలిసింది నాకు, కొరత ఎక్కడుందో. డబ్బు కొరత ఉన్నమాట నిజమే. అంతకంటె, నాలుగుసార్లు తిరగడానికి, ఐదోసారి విసుగుపడకుండా వెళ్ళడానికి, అయిదు రకాల కాగితాలలో ఒకే పేరు వేయించడానికి, ‘ఎందుకు రాదు?’ అని కుర్చీ ముందు నిలబడి అడగడానికి ఒక మనిషి కొరత. మన ఊళ్ళలో 2019 ఆగస్టునుంచి కొన్నేళ్ళు వాలంటీర్లని ఉండేవారు, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం మీద. వారిని గురించి రాజకీయాల వాళ్ళు ఎన్నో అన్నారు, అంటున్నారు. ఆ తగవులోకి నేను దిగను. కాని ఆ మాట అప్పటినుంచి మన పల్లెలలో ప్రభుత్వపు మాట అయిపోయింది. ‘నేను వాలంటీరుగా వచ్చాను’ అంటే ముసలమ్మ, “ఏ పార్టీ సామీ?” అని అడిగింది.

అదే కాలనీలో ఇంటర్మీడియెట్ చదివి ఆగిపోయిన ఒక అమ్మాయి ఉన్నది. ఇరవై ఏళ్ళుంటాయి. కాలనీలో అందరికీ ఫోనులో నంబర్లు చదివిపెట్టేది ఆ పిల్లే. మాస్టారు ఎప్పటినుంచో ఆమెతో ఈ పని చేయిస్తున్నారు. తీరిక ఉన్నప్పుడు, కూలి లేనప్పుడు. అంటే ఎప్పుడో ఒకప్పుడు. ఆమె ఒక నోటుపుస్తకం తెచ్చి చూపింది. ఇరవై ఏడు పేర్లు. ఎవరికి ఏ కాగితం లేదు, ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు పోయారు, అన్నీ రాసింది. నేను ఎన్నో కమిటీలలో కూర్చున్నాను. ఇంత శుభ్రమైన లెక్క చూడలేదు.

లక్ష ఎక్కడికి పోవాలో ఆ పుస్తకం చూశాక మేము పెద్దగా చర్చించలేదు. ఆ అమ్మాయికి ఆరు నెలలు, నెలకు 8,000 రూపాయలు జీతం: 48,000. ఆఫీసుకు రావలసినవారికి ఆ రోజు కూలి, ఆటో ఛార్జీ, జిరాక్సులు, రుసుములు, స్టాంపు కాగితాలు: 22,000. మిగిలిన 30,000 బ్యాంకులో ఉంటుంది. ఆరు నెలల తరువాత పుస్తకం చూసి నిర్ణయిస్తాము. పని అయితే మరో ఆరు నెలలు. కాకపోతే ఎందుకు కాలేదో తెలుసుకుని వేరే దారి. జీతం మాట విని మొదట నేను వెనుదీశాను సుమా! సేవకు జీతమేమిటి అనిపించింది. మాస్టారు అన్నారు: “మీరూ నేనూ పింఛను తింటూ సేవ చేస్తాము. ఆ పిల్ల కూలి మానుకుని సేవ చేయాలా?” జవాబు తోచలేదు.

సాయంకాలం బండి పోయింది. మరునాడు కూడా ఉండిపోయాను.

మరునాడు మేము నలుగురం, ముసలమ్మ, పిల్ల, ఆ అమ్మాయి, నేను, ఆఫీసులో వరుసలో కూర్చున్నాము. నా చొక్కా చూసి ఒకాయన కుర్చీ వేశాడు. ముసలమ్మను నేల మీద కూర్చోమని సైగ చేశాడు. ఆ అమ్మాయి ఇంకో కుర్చీ తానే తెచ్చి అవ్వను కూర్చోబెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. దరఖాస్తు నింపడానికి నేను పూనుకున్నాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి. రెండుచోట్ల తప్పు రాశాను. ఆ అమ్మాయి కొత్త ఫారం తెచ్చి తాను రాసింది. పుట్టుక ఇంతవరకు నమోదు కాలేదన్న పత్రానికి అర్జీ ఒకటి, ప్రమాణపత్రం ఒకటి. అధికారి చిన్నవయసు వాడు, మంచివాడే. అతని బల్ల మీద ఉన్న దస్త్రాలు చూస్తే జాలి వేసింది. “ఇంత వివరంగా రాసి తెస్తే మాకూ సులువే సార్. అందరూ నోటితో చెబుతారు” అన్నాడు. రసీదు ఇచ్చి, వచ్చే గురువారం రమ్మన్నాడు.

ముసలమ్మ రసీదును కళ్ళకద్దుకుని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నది.

అన్నదానాన్నీ, బట్టలనూ నేను తీసిపారేస్తున్నానని అనుకోకండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు గోదావరి పాయల మధ్య చిక్కిన బాటసారులకు వేళా పాళా లేకుండా వండిపెట్టారు. ఆ లంకలో ఆ వేళకు వారికి కావలసింది అన్నమే. తిరుమలలో 1985నుంచి సాగుతున్న నిత్యాన్నదానమూ అంతే. కొండ మీద ఆకలిగొన్న యాత్రికునికి జనన ధ్రువపత్రం ఏం చేసుకోను? నెల్లూరిలో పొణకా కనకమ్మగారు ఆడపిల్లలకోసం 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. డబ్బు ఇచ్చి పక్కకు తప్పుకోలేదు. ఏళ్ళ తరబడి దానిని మోశారు.

నాయుడుపేటలో ఆ రెండు రోజులలో మరికొన్ని సంగతులు కూడా తెలుసుకున్నాను. బయటి ఊళ్ళవారు నా మాదిరి వచ్చి అడిగితే చెప్పడానికి పనికివస్తాయి.

పెద్ద రోడ్డు ఉన్నచోట ప్రమాదాలు తప్పవు. ఒక టీకొట్టు యజమాని ఇప్పటికి ఎందరినో ఆసుపత్రికి చేర్చాడట. లెక్క పెట్టుకోలేదన్నాడు. మొదట్లో పోలీసులు సాక్ష్యానికి తిప్పుతారని భయపడేవాడు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆ భయం తీర్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. గాయపడినవాణ్ణి చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టరాదు, ఆసుపత్రివారు ఆపరాదు, కేసులు మోపరాదు. ఆ కాగితాన్ని అతను లామినేషను చేయించి కొట్టులో వేలాడగట్టాడు. 108కి ఫోను చేయడం, గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, మెడ కదలకుండా చూడడం కుర్రవాళ్ళకు నేర్పాడు. మెడ విరిగిందేమోనని అనుమానముంటే అంబులెన్సు వచ్చేదాకా ఆగమంటాడు.

రక్తం సంగతి కూడా అంతే. పుట్టినరోజు నాడు వందమంది ఒకేసారి ఇచ్చి ఫోటో దిగుతారు. నిలవ ఉంచిన రక్తం అయిదారు వారాలకు మించి పనికిరాదు. పద్దెనిమిది నిండిన ఆరోగ్యవంతుడు, నలభై అయిదు కిలోలు దాటినవాడు మూడు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. నలుగురు స్నేహితులు వంతులవారీగా నెలకొకరు ఇస్తే ఏడాది పొడుగునా నడుస్తుంది. ఇది కూడా టీకొట్టు ఆయన లెక్కే. చూపులేని విద్యార్థులకు పరీక్షలో రాసిపెట్టేవారు దొరకడం లేదని మాస్టారు చెప్పారు. అది పైసా ఖర్చులేని పని. కావలసింది మూడు గంటలు, మంచి దస్తూరి.

బండి ఎక్కే ముందు మేనల్లుడికి ఫోను చేశాను. అక్కడ రాత్రి. అంతా విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు.

“ఫోటో ఏమైనా తీశావా మామయ్యా?”

“లేదురా.”

“మరి అమ్మ పేరు?”

నాకు గుర్తులేదు. నిజానికి ఆ రెండు రోజులలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ అమ్మాయి నోటుపుస్తకం మొదటి పేజీలో రాయిస్తానన్నాను. వాడు సరేనన్నాడు.

గురువారం రాత్రి మాస్టారు ఫోను చేశారు. నమోదు కాలేదన్న పత్రం వచ్చింది. ఉత్తరువుకు పై ఆఫీసులో దాఖలు చేయాలి. తల్లీ తండ్రీ వచ్చి సంతకాలు చేయాలన్నారు. గుంట యజమాని రెండు రోజులు సెలవు ఇవ్వనంటున్నాడు. అడ్వాన్సు సంగతి ఏమిటో మాట్లాడడానికి ఆదివారం మాస్టారూ, ఆ అమ్మాయీ, ఊళ్ళో ఒక వకీలుగారూ గుంట దగ్గరికి పోతున్నారు. వీలైతే రమ్మన్నారు.

ఆదివారం పొద్దుటి బండికి టిక్కెట్టు తీసుకున్నాను. తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు.